నాకొక గొడుగు కావల్ల

వేలూరు

మగ్గం ముందర కూర్చున్న నా బావకు, నీ గౌతమి రాసేది.

ఫోన్ చేస్తే అత్తమ్మ స్పీకర్ పెట్టి వీధికంతా వినిపిస్తాది. అందుకే ఉత్తరం. మనకు తెలుగు మాట్లాడేదే గాని రాసేది రాదు గదా, అరవ అక్షరాల్లోనే తెలుగు రాస్తుండా. కూడబలుక్కొని చదువు.

ఆడిటర్ ఆఫీసులో ట్రైనింగ్ అంటే ఫ్యాను కింద కూర్చునేది అనుకుంటిని. జెసింత మేడమ్ “పనిలో పడితేనే పని వచ్చేది” అని నన్ను పేర్ణాంబట్టు తోళ్ళ కంపెనీకి సరుకు లెక్క చూసేదానికి తోలింది. వానలో తడిసి, తోళ్ళ మధ్య తిరిగి వచ్చినా. ఆ కంపుకు హాస్టల్లో ఎవురూ నా పక్కన కూర్చోలేదు.

ఇట్లు,
గౌతమి

తా.క. నాకొక గొడుగు కావల్ల. నల్లదైనా పరవాలేదు. మడిచి సంచిలో పెట్టుకొనేదైతే ఆడిట్‌కు తీసకపోతా. నువ్వే రావల్ల.

గుడియాత్తం

గౌతమికి, నేల మీద కాలు నిలవని పార్థిబన్ రాసేది.

ట్రైనింగ్ ముగిసేదాకా ఆ మాటే ఎత్తొద్దని పెండ్లప్పుడు అనింది నువ్వే. ఇప్పుడు నువ్వే కొడుకు కావల్లంటివే! నల్లగా ఉంటే ఏమి, నా రంగే గదా. మడిచి సంచిలో పెట్టేదేందే, పాపం! కొడుకు కావల్లంటే ట్రైనింగ్ మానేసి ఇంటికి వచ్చేయ్.

నీ బావ

తా.క. కొడుకు కోసం అమ్మ పొర్లుదండాలు మొక్కుకునింది.

వేలూరు

బావకు, కోపంగా గౌతమి.

గొడుగు కోసం ట్రైనింగ్ మానేసి రావల్నా? పెండ్లప్పుడు గొడుగు మాట నేనెప్పుడు ఎత్తినా? గొడుగుకు అత్తమ్మ పొర్లుదండాలు ఏంటికి? రాలేనంటే రాలేనని చెప్పు. బజార్లో కొనుక్కుంటా పో. ఆడిటర్ అయ్యేదాకా ఈడ నుంచి కదలను.

గౌతమి

తా.క. మా సీనియర్ కార్తిక్ కూడా గొడుగు ఇస్తానన్నాడు. నేనే వద్దంటిని.

గుడియాత్తం

గౌతమీ,

ఎవడా కార్తిక్? బజార్లో కొడుకుల్ని అమ్మేది యాడ? అమ్మ తల పట్టుకొని కూర్చునింది. ఈ ఉత్తరం ఎనకాలే నేను బస్సెక్కుతుండా.

పార్థిబన్

తా.క. వాణ్ణి ఆఫీసులోనే ఉండమను.

వేలూరు

బావకు, నవ్వి నవ్వి కడుపు నొప్పి తెచ్చుకున్న గౌతమి రాసేది.

నువ్వు ఆఫీసు గుమ్మంలో అరిచిన అరుపుకు కార్తిక్ బల్ల కిందికి దూరినాడు, ఇంకా సరిగ్గా బయటికి రాలేదు. అరవంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరమని మనకు తట్టనే లేదే! నా గొడుగును నువ్వు కొడుకు చేసినావు, నీ కొడుకును నేను గొడుగు చేసినా. ఏ కాయితాన్నీ ఒకసారి చదివి నమ్మొద్దని మేడమ్ కొత్తగా చేరినోళ్ళకు మన కథే పాఠం చెప్తుండాది.

తిరిగి పోతా నువ్వు బస్సెక్కేటప్పుడు “ట్రైనింగ్ ముగించుకొనే రా, నీ కోసం కాచుకొని ఉంటా” అంటివే, ఆ మాటకు బస్టాండులోనే ఏడ్చేసినా. నువ్వు లేక నాకు ఏమీ బాగలేదు బావా.

నీ గౌతమి

తా.క. వేలూరులో గొడుగులు దొరకవా? నిన్ను చూడల్లని రాసేదానికి సిగ్గయి, గొడుగు అని రాసినా.