తాత సమాధి మీది మూడు గుంతలు

పూజ్యులైన పెదనాన్నగారికి,

అన్నయ్య ఉత్తరం అందింది. "మీ తాత సమాధి మీద గేదెను కట్టేయడానికి గుంజలు పాతింది ఆ క్వాంగ్ ముసలోడే. సమాధుల పండగనాడు ఊరందరి ముందూ నేలకు తల ఆనిస్తే గానీ వాణ్ణి వదలను" అని మీరు అన్నయ్యతో అంటున్నారట. క్వాంగ్ తాతను ఏమీ అనకండి. ఆ మూడు గుంతలు నేను చేసినవి.

పోయిన నెల మా బడి పాదిరీ దొర మన లోయను ఫోటో తీయడానికి దారి చూపమని నన్ను వెంట తెచ్చుకున్నారు. "లోయంతా ఒక్కసారే కనిపించే చోటుందా, అబ్బాయ్?" అన్నారు. వారి భాషలో 'దృశ్యం' అన్న మాట అప్పుడే నేర్చుకున్నాను. దాన్ని వాడాలన్న ఉబలాటంలో నేరుగా అక్కడికే తీసుకెళ్ళాను.

"ఇది ఎవరి సమాధీ కాదు కదా?" అని దొర ఆగారు.

నిజం చెబితే వెనక్కి తిరుగుతారని, "ఉత్త మట్టిదిబ్బండీ" అన్నాను. ఫోటో పెట్టెకున్న మూడు ఇనుపమొనల కాళ్ళనూ నా చేతులతోనే మట్టిలోకి దించాను.

ఫోటోలో నది వంపు, మెట్లమెట్లుగా వరిమళ్ళు, అన్నీ చక్కగా వచ్చాయి. మంచి చోటు ఎంచుకున్నానని బడిలో అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఎంచుకున్నది తాత అని, చనిపోయాక ఎప్పటికీ ఆ దృశ్యాన్నే చూస్తూ ఉండాలని మూడేళ్ళు కొండంతా తిరిగాడని నేను చెప్పలేదు.

పండగకు వస్తున్నాను. గుంతలు అప్పటిదాకా పూడ్చకండి. క్వాంగ్ తాతను తల ఆనించమన్న చోట నేను ఆనిస్తాను. ఆ రోజు దొర చూస్తారని, తాతకు మొక్కకుండానే కొండ దిగి వచ్చేశాను.

మీ తమ్ముడి కొడుకు