మూడో అంతస్తు అక్క

జూన్ 4
మెట్లు చూస్తేనే ఒళ్లు మండుతుంది. అక్క మూడో అంతస్తులో, నా టైలరింగ్ షాపు, పడక అన్నీ కింద. లిఫ్ట్ లేదు. ఇద్దరికీ మోకాళ్లు అరిగాయి. నేనెక్కలేను, ఆవిడ దిగలేదు. కర్టెన్లు నేను కుడతాను, అంచులు ఆవిడ చేత్తో కుడుతుంది. బట్ట తాడు కట్టిన బుట్టలో వెళ్లి వస్తుంది. పోట్లాటకి ఫోనుంది. కిటికీలో నాకు ఆవిడ గడ్డం కనిపిస్తుంది, ఆవిడకి నా నడినెత్తి. అక్క ముఖం సరిగ్గా చూసి ఏడాది దాటింది.

జూన్ 9
పెయిన్ క్లినిక్. డాక్టరమ్మది నా కూతురి వయసు. కోత అక్కర్లేదట. మోకాలి చుట్టూ నొప్పి కబురు మోసే సన్నటి నరాలుంటాయట. సూది మొనతో వేడి పెట్టి వాటి నోరు మూయిస్తారట. అరిగిన కీలు అలాగే ఉంటుందట, నొప్పి మాత్రం కొన్ని నెలలు తగ్గొచ్చట. ముందు టెస్ట్. తిమ్మిరి మందు వేసి చూస్తారు. పనిచేస్తే ఆ కొద్ది గంటలే హాయి.
అక్కకి ఫోన్ చేశాను. ఈ వయసులో సూదులేంటే, నన్నిక్కణ్ణించి దింపేది ఆ నలుగురే అంది. నోర్ముయ్యి అని పెట్టేశాను. భయమేసింది.

జూన్ 16, మధ్యాహ్నం
స్క్రీన్ మీద సూది నా మోకాలి లోపలికి నడుస్తుంటే నోరు తెరుచుకుని చూశాను. రెండు మోకాళ్లకీ అయ్యాక మంచం దిగమన్నారు. దిగుతూ అలవాటుగా అమ్మా అన్నాను. ఎందుకన్నట్టు? నొప్పి లేదు. తగ్గడం కాదు, లేదు! ఇన్నేళ్లూ నొప్పీ నేనూ ఒకటే అనుకున్నాను. అది వేరు, నేను వేరు. ఏడుపొచ్చింది.
రోజూ చేసే పనులే చేసి, ఎలా ఉందో రాసుకోమన్నారు.

అదే రోజు, సాయంత్రం
అక్క ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఎక్కేశాను! తలుపు తీసి ముందు నా వెనక్కి చూసింది, ఎవరు మోసుకొచ్చారా అని. అక్క ముఖం ఎంత చిక్కిపోయిందో. నీ నడినెత్తి చూసి బాగానే ఉన్నావనుకున్నానే అంటూ నా చెంపలు తడిమింది. ఇద్దరం ఏడ్చాం. ఇక మాటలే మాటలు.
మందు దిగిపోతుందన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. వెళ్దామని లేచేసరికి మోకాలు కలుక్కుమంది. పైన ఇరుక్కుపోయాను. అక్క కడుపు పట్టుకుని నవ్వింది.

జూన్ 18
ఇంకా పైనే. చాన్నాళ్లకి ఎదురెదురుగా కూర్చుని పోట్లాడుకున్నాం. ఎంత బాగుందో.

జూన్ 19
కూర్చుని, జరిగి, మెట్టు మెట్టూ దిగాను. పరువు పైనే వదిలేసి వచ్చాను.

జూలై 2
అసలు ట్రీట్‌మెంట్ అయింది. కొంచెం వేడి, కొంచెం మంట. సాయంత్రానికల్లా ఇంటికి పంపేశారు. ఇంతేనా అని అడిగాను.

జూలై 26
ఎక్కాను. ఈసారి దిగాను కూడా. అక్క గుమ్మంలో నిలబడి, మలుపు తిరిగేదాకా నా కాళ్లనే చూసింది. షాపు చేరకముందే ఫోన్ మోగింది. ఆ డాక్టరమ్మ నంబరేంటే అంది.

ఆగస్టు 3
అక్క టెస్ట్. వీధి కుర్రాళ్లు నలుగురు కుర్చీలో మోసి దింపారు. బతికుండగానే దింపారు అని వాళ్లని నవ్విస్తూనే ఉంది. తిరిగొచ్చాక నలుగురూ కుర్చీ ఎత్తబోయారు. వద్దని లేచింది. మెట్ల రెయిలింగ్ పట్టుకుంది.
అక్క ముందు. నేను వెనక. ఆ వెనక నలుగురు, ఖాళీ కుర్చీ మోసుకుంటూ.