మీటరుకు పెట్టిన బొట్టు

ఆయుధ పూజ, రాత్రి. తిరుపతి.

కళ్లు మండుతున్నాయి. ఇంట్లో కరెంటు ఎంత వాడుతున్నామో ఫోన్లో చూపించే నా ప్రోగ్రాం పొద్దున్నుంచి సున్నా చూపిస్తోంది. ఎవరైనా ఉచితంగా వాడుకోమని నేను నెట్‌లో పెట్టినది కదా, నిన్న నేను చేసిన మార్పు అందరి ఇళ్లలోనూ ఇలాగే కొంప ముంచిందేమోనని పండగ పూటా కోడ్ ముందే కూర్చున్నాను. తప్పు దొరకలేదు. వాడేవాళ్లు తిట్టడానికే తప్ప పలకరించరు. విసుగొచ్చి, ఇక దీన్ని చూసుకోవడం నా వల్ల కాదని వాళ్లకు సందేశం కూడా రాసిపెట్టాను.

సాయంత్రం ఏమీ తోచక మీటరు దగ్గరికి వెళ్లాను. కరెంటు వాడేకొద్దీ అందులో చిన్న ఎర్ర లైటు మినుకుమంటుంది. ఆ మినుకులు లెక్కపెట్టడానికి నేను అంటించిన సెన్సారు ఊడదీస్తే, లైటు మీద గంధం, దాని మీద కుంకుమ.

"పొద్దున నేనే పెట్టినాను. మిక్సీకి, నీ స్కూటరుకి పెట్టి దీన్ని ఇడిసిపెడితే ఎట్లప్పా? పొద్దస్తమానం దీంతోనే కదా నీ పని. నువ్వంటించింది పీకి, బొట్టు పెట్టి, మళ్లీ యాడుండేది ఆడే అంటించినా సూడు," అంది అమ్మ.

ఇంట్లో ఎవరైనా దీన్ని పని అనడం ఇవాళే విన్నాను.

తుడవబోతే, "పండగ పూట బొట్టు చెరపాకు," అంది.

సందేశం పంపలేదు. చెరిపేయనూ లేదు. బొట్టు రేపు పొద్దున తుడుస్తాను. అంతవరకూ, నెత్తిన ఫ్యాను తిరుగుతున్నా, మా ఇంట్లో కరెంటు వాడకం సున్నా.