మల్లేశ్వరి ఇచ్చిన రక్తం

పాలకాయతిప్ప,
గురువారం.

చిరంజీవి సౌభాగ్యవతి నాగమల్లేశ్వరిని మీ నాన్న ధనరాజు దీవించి రాస్తున్నది. అమ్మా, ఇక్కడ మేమంతా క్షేమం. ఇన్నేళ్ళూ ఆ మాట అలవాటుగా రాశాను గానీ ఈసారి ఒళ్ళంతా పులకరించి రాస్తున్నాను. నీ తమ్ముడు అయ్యప్ప బతికాడు! నోట్లో గొట్టం తీసేశారు. నిన్న పొద్దున లేచి కూర్చుని, విరిగిన కాలి సంగతి అడక్కుండా "నా బండెక్కడుంది నాన్నా?" అన్నాడు. చెంప పగలగొడదామని వంగి, నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాను. వార్డులో అందరికీ అరటిపళ్ళు పంచాను. మీ అమ్మ నవ్వుతోంది, ఏడుస్తోంది, మళ్ళీ నవ్వుతోంది.

ఇంత సంతోషంలోనూ నాకు ఒళ్ళు మండిపోతోంది. ఫోనెత్తకుండా, చేపల వ్యాను నడిపే బాజి చేత ఉత్తరం పంపావు. "నా రక్తంలో ఏముంది నాన్నా? తమ్ముడి ఊపిరి తీయబోయింది కదా. పిల్లలకి అన్నం కలిపి పెట్టాలన్నా భయమేస్తోంది" అన్నావు. అది చదివి తిన్నగా మీ మేనత్త ఆనందమ్మ ఇంటికెళ్ళాను. వలల దగ్గర కూర్చుని ఆ మాట పుట్టించింది అదే.

"ఏమే, నా కూతురి రక్తంలో విషముందన్నావంట?"

"నేనొక్కదాన్నే అన్నానా అన్నయ్యా? ఊరంతా అంటోంది. అది ఎక్కించాకేగా పిల్లోడికి ఆయాసం వచ్చింది!"

"నీ నోరు పడిపోను! సూది చూస్తే గోడ దూకేదానివి, ఇచ్చినదాన్ని అంటావా?"

"సరేలే, మరి ఆస్పత్రిలో మేం అంటుంటే నువ్వెందుకు నోరు మెదపలేదు?"

ఆ మాట వినగానే లేచి వచ్చేశాను.

నువ్వడిగినదానికి డాక్టరమ్మ జ్యోతిర్మయిగారు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. నీ రక్తం మంచిది. నీకే జబ్బూ లేదు. బిడ్డల్ని మోసిన కొందరు తల్లుల రక్తంలో ఆ కాన్పుల వల్ల యాంటీబాడీలు తయారవుతాయట. కరోనా అప్పుడు విన్నాం కదా, ఆ పేరే. అవి నీకు గానీ పిల్లలకు గానీ ఏ హానీ చెయ్యవు. ఆ రక్తం ఇంకొకరికి ఎక్కిస్తే మాత్రం, ఎక్కడో ఒకరికి, గంటల్లోనే ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుందట. మన అయ్యప్పకి జరిగింది అదేనని పరీక్షలో తేలింది. ఇకమీదట రక్తం ఇవ్వకు, అంతే. నీ చేత్తో అన్నం తిన్న బిడ్డకు ఏమీ కాదు. కడుపునిండా పెట్టు.

ఇప్పుడు అసలు మాట. ఇది రాయడానికే మూడు కాగితాలు చింపాను.

ఆ రోజు ఐసు లారీ గుద్ది వాడి రక్తమంతా రోడ్డు మీదే పోయింది. మన మగాళ్ళంతా చేపల వేటకి సముద్రం మీదికెళ్ళారు. నాకు అరవై ఎనిమిదేళ్ళు, నా రక్తం పనికిరాదన్నారు. గుడివాడ నుంచి రక్తం వస్తోంది, కాస్త ఆగమన్నారు. మావాడికి మా రక్తమే ఎక్కాలని నేను పట్టుబట్టి నిన్ను ఇమ్మన్నాను. నువ్వు మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నర్సమ్మ "మీ అమ్మాయికి ఎన్ని కాన్పులండీ? ఎక్కువైతే మేం తీసుకోం" అంది. నీకు ముగ్గురు పిల్లలు, పోయిన బిడ్డ ఒకటి. నేను "ఒక్కటేనమ్మా, రాసుకోండి" అన్నాను. నువ్వు వచ్చి, చదవకుండా సంతకం పెట్టావు.

డాక్టరమ్మ కారణం చెప్పిన రోజే నాకంతా అర్థమైంది. ఊరు నిన్ను అంటుంటే మాత్రం తలొంచుకుని టీ తాగాను. ఆనందమ్మ మీద అరిచిన అరుపంతా నా మీద నాకున్న కోపం, తల్లీ. అదింకా చల్లారలేదు.

ఆదివారం పొద్దున వలల దగ్గర అందరూ ఉంటారు. అక్కడ చెప్తాను. నువ్వు రా. వచ్చి నా ఎదురుగా నిలబడు. నువ్వు లేకపోతే పరువు కోసం సగం మింగేసి సగమే చెప్తాను. నా సంగతి నాకు తెలుసు.

ఇట్లు,
నీ మీద నింద పడనిచ్చిన నాన్న,
ధనరాజు.