పురుగుకు తెలివి ఏ తారీఖువరకు?

మహారాజశ్రీ శిడ్లఘట్ట తాలూకా అమల్దారుగారి సముఖమునకు,
దిబ్బూరహళ్ళి వెంకటరాయప్పగారి కుమార్తె, జూనియర్ బి.ఎ. చదువుచున్న మునిలక్ష్మమ్మ వ్రాసుకొన్న అర్జీ.
తేదీ 12-6-1938.

అయ్యా,

విషయం: పట్టుపురుగులకు తెలివి ఉన్నదా, ఉన్నయెడల ఏ తారీఖువరకు ఉండును అను సంగతిపై తీర్పు కోరుట.

1. నేను పురుగులను ఎగతాళి చేసితినని మా ఇంటివారు మోపిన నేరము నిజము కాదు. పోయిన వారము శుక్రవారమునాడు పురుగుల గదిలో తట్టమీద ఆకు పరచుచుండగా ఒక పురుగు మేత మాని, తల పైకెత్తి, కదలక నిలిచినది. అచ్చముగా మా లాజిక్కు మేష్టరు ప్రశ్న వేసి జవాబుకొరకు నిలబడు తీరు. ముద్దువచ్చి నవ్వితిని. పురుగులను అమ్మోరని కొలుచు మా అవ్వ కెంపమ్మ చూచినది.

"చూస్తివా వెంకటరాయా, నీ కూతురు అమ్మోర్ని చూసి ఇకిలిస్తాండాది! కాలేజీలో ఇదేనా నేర్పిచ్చేది?"

2. మూడవ దినమున రెండు తట్టల పురుగులు పచ్చబడి, పాలవంటి నీరు కారి చచ్చినవి. వానలో తడిసిన ఆకును ఆరబెట్టక వేసినది మా చిన్నాయన మునిశామప్ప. తడి ఆకు కూడదని సర్కారు పట్టు ఇలాఖావారు పంచిన అచ్చుకాగితములో ఉన్నది. ఆ కాగితము ఇంటిలో చదివినది నేనొక్కతెనే గనుక అదియు నా కుట్రలో చేరినది. చిన్నాయన వాంగ్మూలము: "ఆకుదేముండాదిలేమ్మా, వానొస్తే యాడైనా తడుస్తాది. నువ్వు నవ్వితివి, అవి అలిగినాయి."

3. నాకు విధించిన శిక్ష: తట్టల ముందర సాగిలపడి "తప్పయింది తల్లీ" అని పురుగులను వేడుకొనవలెను. లేనిచో ఈ నెలాఖరున తెరచు కాలేజీకి నా ట్రంకు బస్సెక్కదు. మా నాయన సాత్వికులు. "ఒక్క మాటే కదమ్మా, అనేసి పో" అన్నారు. ట్రంకు తాళపుచెవి మాత్రము మొలతాటికి కట్టుకొన్నారు.

4. పురుగులకు తెలివి లేదని నేను వాదించుట లేదు. మా ఇంటి సాక్ష్యమంతయు ఉన్నదనియే. అవి మేయు ఇరవైయేడు దినములు ఇంట మిరపకాయ తాళింపు లేదు. గట్టిగా తుమ్మరాదు. చంటిబిడ్డ ఏడ్చినచో పక్కింటికి పంపుదురు. నాలుగు పర్యాయములు అవి మేత మాని పొర విడుచును. దానికి జ్వరమని పేరు. ఆ దినములలో అందరమూ గుసగుసలే. నాకు నిజముగా జ్వరము వచ్చినప్పుడు "కాఫీ తాగి లెయ్యి" అన్నారు. ఇంతటి మర్యాద తమ కచేరిలో తమకైనను జరుగునో లేదో.

5. అట్టి తల్లులు గూడు కట్టుకొని లోపల పడుకొనగానే, అదే అవ్వ, అవే చేతులతో, గూళ్ళను బుట్టలో పోసి మరుగుచున్న నీళ్ళ అండాపైన ఆవిరికి పెట్టును. లోపలివి ప్రాణముతోనే ఉండును. నిన్న అడిగితిని: "అవ్వా, ఆవిరికి పెడితే అలగవా?"

"అప్పుడు వాటికేం తెలుస్తాదే, పిచ్చిదానా!"

ఇరవైయవ దినమున నా నవ్వు తెలిసిన ప్రాణికి ముప్పదవ దినమున ఉడుకు తెలియదట.

కావున పురుగుకు తెలివి ఏ తారీఖున, ఎన్ని గంటలకు పోవునో తాము తేల్చి ప్రకటించవలెను. అంతవరకు ఎల్లుండి పెట్టబోవు ఆవిరిని ఆపించవలెను. ఆపించలేనియెడల, ఎవరి తరువాత ఎవరు క్షమాపణ చెప్పుకొనవలెనో వరుస నిర్ణయించవలెను. ఆ వరుసలో నేనును నిలబడుదును. నా పెట్టెలో రెండు పట్టుచీరెలున్నవి, దాచుట లేదు. పట్టు ఇన్స్పెక్టరుగారికి వ్రాయవచ్చును గాని వారు గూడు బరువు చూచువారు. ఇది తగవు గనుక తమకు వ్రాసితిని.

కోపగించక చిత్తగించవలెను.

తమకు విధేయురాలు (ఇంటిలో ఆ పేరు లేదు),
మునిలక్ష్మమ్మ

తా.క. తేదీ 24-6-1938. స్టాంపులు ట్రంకులో ఉండిపోయినందున అర్జీ ఇంతవరకు పోలేదు. ఆవిరి పెట్టినారు. ముందే ఒక తట్టెడు గూళ్ళు నా మంచము కిందికి చేర్చియుంటిని. మొన్న అవి తొలుచుకొని బయటికి వచ్చినవి. రెక్కలున్నవి, ఎగరలేవు. ఎగురునని నేననుకొంటిని, నేనును వాటిని తప్పుగానే చదివితిని. గట్టిగా నవ్వు వచ్చినది, ఏడుపు కూడా. అవ్వ వచ్చి, వంగి, మంచము కింద చాలాసేపు చూచినది. "మెల్లగా మాట్లాడే, బెదురుతాయి" అన్నది.

నేను సాగిలపడను. రేపు మొదటి బస్సుకు ట్రంకు లేకుండానే పోవుచున్నాను.