చిటికెడు అజైడ్

14-5-2001, సోమవారం
తొమ్మిదికే ల్యాబ్ గోడలు కాలుతున్నాయి. గాజు పలకలు కడిగి ఆరబెట్టాను.
మళ్లీ ఏమీ రాలేదు. ఎలుక మెదడులో నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైమ్ ఉంటుంది. దాన్ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీ పోశాం. మెదడు ప్రోటీన్లు ఎక్కించిన, కాగితంలాంటి పొర మీద గోధుమరంగు గీత పడాలి. తెల్లగానే ఉంది. మూడోసారి.
థీసిస్ చేస్తున్న శ్యామలమ్మ పొరను వెలుతురుకు ఎత్తి — "మునిరత్నమన్నా, కిటికీకి పరదా కుట్టుకుందామా?" నవ్వింది. కళ్లు నవ్వలేదు.

15-5
ఆమె గైడు సార్ వచ్చారు. "సీసాలో యాంటీబాడీ ఇంగ ఒక్కసారికే ఉండాది. అదీ కాకుంటే టాపిక్ మార్చుకోమ్మా." ఆమె నాలుగేళ్ల పని. తలూపింది.

16-5
గాలివాన. గంటసేపు కరెంటు లేదు. ఫ్రీజర్ తలుపు ఎవరినీ తెరవనివ్వలేదు.

17-5
యాంటీబాడీ పెట్టెలోని కాగితం, పక్కన నిఘంటువు, భోజనం వేళ. అడుగున చిన్న అక్షరాలు... మొదటి యాంటీబాడీని పట్టుకునేది రెండోది. రంగు తెప్పించే ఇంకో ఎంజైమ్ దానికి అంటించి ఉంటుంది. సోడియం అజైడ్ ఆ ఎంజైమ్‌ను పనిచేయనివ్వదు.
అజైడ్!
పొర కడిగే ద్రావణంలో బూజు పట్టకుండా చిటికెడు వేసేది నేనే. ఈ ఎండలకు వేయకపోతే నాలుగు రోజులు నిలవదు. రంగు తెప్పించే పాత కిట్టుకు అది అడ్డు రాలేదు. కొత్తది వచ్చాక కూడా చెయ్యి అలవాటు మానలేదు. ద్రావణాలు కలిపినప్పుడు రాసే రిజిస్టరు తీశాను. ప్రతి సీసాకు ఎదురుగా నా అక్షరాలే — అజైడ్, చిటికెడు.
అంటే యాంటీబాడీ చెడిపోలేదు! పట్టుకోవలసినదాన్ని పట్టుకునే ఉంది, రంగే రాలేదు! భయం, సంతోషం... అన్నం చల్లారిపోయింది.

18-5
ఏడుకే వెళ్లాను. కొత్త సీసాలు, కొత్త ద్రావణం. అజైడ్ లేదు.
"ఏందన్నా, అన్నీ కొత్తవే? పెండ్లి పెట్టుకున్నావా ఈడ?"
"పాతది మబ్బుగా ఉండాదమ్మా."
అబద్ధం. చివరి చుక్కలు పోశాం. రేపు తేలుతుంది.

19-5, శనివారం
వచ్చింది! రంగు పోసిన రెండో నిమిషంలో — ముందు నీడ, తర్వాత సన్నటి మీసం. ఉండవలసిన చోటే!
"అన్నా సూడు, ఆడ, ఆడ!" నా భుజం మీద ఒకటి వేసింది. పక్క గదిలోంచి సార్ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చారు. "అబ్బా, వచ్చెనే!"
ఇప్పుడు మూడు గంటలు. శ్యామలమ్మ నోటుపుస్తకం తెరిచింది. "ఈసారి ఏం మార్చినామన్నా? థీసిస్‌లో రాయాల గదా."
రిజిస్టరు తెరిచి ముందు పెట్టాను. నా బల్ల దగ్గరికి వచ్చి ఇది రాస్తున్నాను. ఆమె చదువుతోంది. వేలు ఒక్కో వరుస దిగుతోంది... మూడో సీసా దగ్గర, అజైడ్ అన్న మాట మీద ఆగింది. తలెత్తలేదు. పొర నానబెట్టిన ట్రేలు ఇంకా కడగలేదు. పిలుస్తుందని కూర్చున్నాను.