వంటగట్టు ఎత్తు

మేస్త్రి గారికి,

మీరు కట్టిన వంటగట్టుకి వంక పెట్టడానికి లేదు. కొలతలు తీసుకున్న రోజు మా ఆయన, "రిటైరయ్యాను, ఇక వంటంతా నాదే. నా ఎత్తుకే కట్టండి, జీవితాంతం ఉండాలి" అన్నారు కదా! గట్టు నిక్షేపంగా ఉంది. ఆయన వంట మాత్రం రెండు పూటలతో సరి.

ఇప్పుడా గట్టు నా గుండెల దాకా వస్తోంది. నేను స్టూలెక్కి కూర కలుపుతుంటే, "జాగ్రత్త, పడతావు!" అంటున్నారు సోఫాలోంచి. గట్టు పగలగొడదామంటే, బంగారంలాంటి రాయంటూ ససేమిరా ఒప్పుకోవడం లేదు.

అందుకని గట్టు పొడవునా నాకో చెక్కమెట్టు చేయించి, నేలకి బిగించేయండి. మళ్లీ ఊడదీయడానికి వీలుండకూడదు. ఎప్పుడైనా ఆయనకి వంట మీద మనసైతే, వంగి చేసుకుంటారు.

ఇట్లు,
స్టూలు మీది ఇల్లాలు